ఇనుము కోసం వచ్చే జ్వరం

నమోదు 1

ఈ పుస్తకం వైద్యపు కొట్టుది. ఇరవై ఏళ్ళుగా ఇందులో సూరమ్మత్త రాసింది. పేరు, తెప్ప నంబరు, రోగం, బతికాడు లేదా పోయాడు. మనిషికో గీత, అంతే. ఈ రోజు నుంచి రాసేది నేను: మైలపల్లి నూకాలు, పంతొమ్మిదేళ్ళు, మునిగిన ఊళ్ళ మీద లంగరు వేసుకున్న మా తెప్పల్లో మూడో వరుస, పదకొండోది. నేను ‘ఎందుకు’ అన్నది కూడా రాస్తాను. కారణం రాయని పుస్తకం సముద్రం నీళ్ళలాంటిది. ఎంతున్నా దాహం తీరదు.

పొద్దుటి పని: నాచు ఉడకబెట్టి గుడ్డలో వడకట్టాను. ఆ జావ గోరువెచ్చనయ్యాక నెత్తురు కలిపి గాజు మూకుళ్ళలో పోయాలి. గడ్డకట్టాక ఎర్రటి జున్నులా ఉంటుంది. పుండు రసం తెచ్చి దాని మీద గీస్తే, పుండులో ఉన్న పురుగు మూకుట్లో మొలుస్తుంది. కంటికి ఆనని పురుగు గుంపుగా పెరిగి చుక్కలా కనబడుతుంది. కలిపే నెత్తురు కొట్టులో పనిచేసేవాళ్ళదే. ఈ వారం వంతు నాది.

సూరమ్మత్త నా మోచేతి మడతలో సూది దించింది. సీసా వెలుతురుకి పట్టి చూసింది.

“ఇంత పల్చటి నెత్తురేటే గుంటా? నీ కోపమంతా దీన్లో ఎక్కడ పడతాదే?”

“కోపం నెత్తుర్లో ఉండదత్తా, బుర్రలో ఉంటాది.”

“అయితే బుర్ర ఎండలో పెట్టకు, పేల్తాది.”

తెప్పల మీద ఎవరి నెత్తురు చిక్కగా ఉంది గనక? మేం తినే, యంత్రం పోసే నాచు ముద్దలో ఇనుము తప్ప అన్నీ ఉన్నాయి. చేపలూ గుల్లలూ తినకూడదు. కింద మునిగిన ఊళ్ళ మురికంతా పీల్చుకున్నవి అవి. అందుకే మా ఈతగాళ్ళు అడుగుకి దిగి, పాత మేడల గోడల్లోంచి ఇనప చువ్వలు కోసుకొస్తారు. కొట్టులో వాటిని పులుపు నీళ్ళలో నానబెట్టి, కరిగించి ఇనప నీళ్ళు చేస్తాం. ఎనిమిది రోజులకోసారి మనిషికో చెంచా. ఆ రోజు పిల్లలు నాలికలు నల్లగా చేసుకుని వెక్కిరించుకుంటూ తిరుగుతారు.

కొట్టు గోడ మీద ఒక నియమం చెక్కి ఉంది: జ్వరం ఉన్నవాడికి చెంచా లేదు.

“ఎందుకత్తా?” అని అడిగాను.

“నాకు ముందు ఈ కొట్టు సూసినామె సెప్పింది.”

“ఆమెకి ఎందుకో తెలుసా?”

“అడిగాను. ‘తెలీకపోతేనే మంచిది’ అంది.”

తెలీకపోతే మంచిదట! పాలిపోయి, లేవలేక పడుకున్నవాడికి ఇనుము ఆపి, ఆరోగ్యంగా ఉన్నవాడి నోట్లో పోయడం ఏ న్యాయం?

నమోదు 3

దీని మీద కరపత్రం రాశాను. పేరు ‘ఇనుము అందరిదీ’. అచ్చు వేసింది మా మావ, గరికిన బైరాగి. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆయనే. మునిగిన బడుల్లోంచి తెచ్చిన సీసపు అక్షరాలతో, చేతి మరతో కరపత్రాలు వేస్తాడు. నాకు అక్షరాలు వచ్చింది వాటి మీదే. అందుకే నేను మామూలుగా మాట్లాడినా సభలో మాట్లాడినట్టుంటుందని అందరూ ఏడిపిస్తారు.

“ఒలే కోడలా, ‘దుర్మార్గపు నియమం’ అని మూడుసార్లు రాసినావు. నా దగ్గర ‘ర్మా’లు రెండే ఉన్నాయి.”

“అయితే రెండుసార్లు ఎయ్యి. మూడోసారి నోటితో చెప్తాను.”

నిన్న తెప్పల వరుసలన్నీ కూడిన సభలో చెప్పాను. మా తెప్పల మీద ఒక మర్యాద ఉంది, చెంచా వదలడం. ఇంట్లో ఎవరైనా మంచం పడితే ఇరుగుపొరుగు తమ వంతు చెంచాను గుల్లచిప్పలో పోసి ఆ వాకిట్లో పెట్టి వెళ్తారు. ఎవరు పెట్టారో అడగకూడదు, వద్దనకూడదు. ఇంతకంటే పెద్ద ప్రేమ మాకు తెలీదు. కానీ జ్వరం వస్తే మాత్రం ఆ చిప్పల్ని కొట్టు వాళ్ళు తీసుకుపోతారు. ఆకలైనవాడి ముందు కంచం లాగేసినట్టు.

“ఇందులో కారణం ఎవరైనా చెప్పగలరా?” అని అడిగాను. ఎవరూ చెప్పలేదు. సూరమ్మత్త కూడా చెప్పలేదు.

ఈతగాడు దాలయ్య తల్లి పోలమ్మ పెద్దమ్మ లేచింది. “గుంట నిజమే సెప్పింది. రోగికి పెట్టకపోతే ఎవుడికి పెడతాం?” అంది. చేతులు లేచాయి. నియమం పోయింది. ఉలి తెచ్చి గోడ మీది అక్షరాల్ని నేనే చెక్కి చెరిపేశాను.

సూరమ్మత్త నా చేతిలోంచి ఉలి తీసుకుని, “గోడ బాగా సెక్కినావు. పని నేర్చుకో ఇంక” అని మాత్రం అంది.

నమోదు 9

దాలయ్యకి పిక్క మీద గీత పడింది. చువ్వ కోస్తుంటే గోడకంటుకున్న గుల్ల కోసింది. మర్నాటికి కాలు వాచి, ఊదారంగు పొక్కులు లేచాయి. జ్వరం. ఇరవై రెండేళ్ళ వాడు, మొన్నటిదాకా రెండు చువ్వలు ఒంటిచేత్తో పైకి తెచ్చినవాడు, గోడకి సున్నం వేసినట్టు తెల్లబడ్డాడు.

వాకిట్లో చిప్పలు వరసకట్టాయి. పోలమ్మ పెద్దమ్మ ఒక్కొక్కటీ ఎత్తి వాడి నోట్లో పోసింది. లెక్క నేను రాసుకున్నాను, ముప్పైయొకటి. నాకు గర్వంగా ఉండింది. దాచడం దేనికి, గర్వంగానే ఉండింది.

రెండో రోజు మూత్రం చింతపండు పులుసు రంగులో వచ్చింది. మూడో రోజు అసలు రాలేదు. సాయంత్రానికి పోయాడు.

‘ఇనుము ఆలస్యంగా అందింది’ అని రాశాను. రాసి, కలం ఒత్తి దాని కింద రెండు గీతలు గీశాను.

నమోదు 11

వెనక్కి తిప్పాను. సూరమ్మత్త రాసిన గీతలన్నీ చదివాను. గుల్ల కోసి జ్వరం వచ్చినవాళ్ళు, నియమం ఉన్న చివరి ఏడాదిలో: పద్నాలుగు మంది. పోయినవాళ్ళు ఆరుగురు. నేను ఉలి పట్టాక: దాలయ్యతో కలిపి ఐదుగురు. పోయినవాళ్ళు ఐదుగురు.

ఐదుగురంటే తక్కువే, యాదృచ్ఛికం కావచ్చు. అయినా ఈ పురుగుని సరిగా చూడాలి. తిట్టడం ఆపి చూడాలి.

దాలయ్య పుండు రసం గీసిన మూకుడు తీసి కిటికీకి పట్టాను. చిత్రం! ఎర్రటి జున్నులో పురుగు మొలిచిన ప్రతి చుక్క చుట్టూ ఒక తెల్లని ఉంగరం ఉంది. అందులోంచి అవతలి సముద్రం కనిపిస్తోంది. ఎరుపు అక్కడ మాయమైపోయింది. పక్క మూకుట్లో మామూలు చీము పురుగు ఉంది. దాని చుట్టూ ఎరుపు అలాగే ఉంది.

ఈసారి వంతూ నాదే, అది నా నెత్తురు. దాన్ని ఎవరో తింటున్నారు!

నమోదు 12

పాత మైక్రోస్కోపు అద్దం పగిలింది గానీ పనిచేస్తుంది. ఒక చుక్క నెత్తురు ఉప్పునీళ్ళలో కలిపి చూశాను. ఎర్రకణాలు మధ్యలో నొక్కిన బూరెల్లా ఉంటాయి. పక్కన ఒక బొట్టు పురుగుల రసం వదిలాను.

మొదట ఏమీ లేదు. తర్వాత ఒక బూరె మెల్లగా ఉబ్బింది. నొక్కు పోయి గుండ్రటి బంతి అయింది. ఇంకా ఉబ్బింది. ఉన్నట్టుండి రంగు పోయింది. చప్పుడేమీ లేకపోయినా పగిలిన చప్పుడు విన్నాననుకున్నాను. మిగిలింది నీడలాంటి ఖాళీ తొక్క. దాని పక్కది, ఆ పక్కది. లెక్కపెట్టేలోపు చూపంతా నీడలే.

“అత్తా, రా! సూడు!”

సూరమ్మత్త ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. “సంచీకి సిల్లెట్టినట్టుందే. నీళ్ళు లోపలికెల్లి పేల్తన్నాయి.”

“చిల్లి పెడుతున్నది పురుగా, అది ఉమ్మే విషమా?”

“నాకేటి తెలుసు? ఇడదీసి సూడు.”

అదే కదా పని! పురుగుల రసాన్ని మట్టి క్యాండిల్ ఫిల్టర్‌లో పోశాను. పురుగులు మట్టి గోడ దాటలేవు. కింద పడ్డ తేట నీటిని మూకుట్లో గీస్తే ఏమీ మొలవదు, అంటే పురుగు లేదు. కానీ ఆ తేట నీరు ఒక బొట్టు నెత్తుర్లో వేస్తే మళ్ళీ ఉబ్బడం, మళ్ళీ పేలడం. అదే తేట నీటిని మరగబెట్టి వేస్తే ఏమీ కాలేదు. అంటే విషమే. పురుగు దూరంగా కూర్చునే చిల్లులు పెడుతుంది. వేడికి ఆ విషం చెడిపోతుంది.

దాలయ్య మూత్రం రంగు ఇప్పుడు అర్థమైంది. పగిలిన కణాల్లోంచి ఒలికిన ఎరుపు అది. అదే వాడి మూత్రపిండాల్లో అడ్డుపడింది. వాడు పాలిపోయింది ఇనుము లేక కాదు, ఉన్నది ఒలికిపోయి.

నమోదు 13

పొద్దున నాచు గిలకొడుతూ సూరమ్మత్తని పీక్కుతిన్నాను. పురుగుకి దీని వల్ల ఏం లాభం? ఊరికే చంపడానికి ఎవరూ ఇంత కష్టపడరు. కరపత్రాల్లో దుర్మార్గులు దుర్మార్గం కోసమే చేస్తారు. పురుగుకి కరపత్రాలు తెలీదు.

“పందికొక్కు గాదెకి కన్నం ఎందుకెడతాదే?” అంది ఆమె, చెయ్యి ఆపకుండా.

“గింజల కోసం.”

“మరి నీ బూరెలో గింజేటి?”

ఎర్రకణంలో గింజ. ఏముంది అందులో? దాన్ని ఎర్రగా ఉంచేది. దేని కోసం మా ఈతగాళ్ళు గుండెలు పగిలేలా ఊపిరి బిగబట్టి దిగుతున్నారో, దేన్ని మేం చెంచాలతో కొలిచి పోసుకుంటున్నామో, అది.

తెడ్డు చేతిలోంచి జావలో పడిపోయింది.

ఒంట్లో ఇనుమంతా దాదాపు ఆ కణాల్లోనే దాగి ఉంది. పురుగుకి అది కావాలి. దొరక్క గాదెలు పగలగొడుతోంది. మరి మేమేం చేశాం? వాకిట్లో ముప్పైయొక్క చిప్పల్లో తెచ్చి దాని ముందు పోశాం. కన్నం పెట్టే శ్రమ కూడా లేకుండా.

ఆగు నూకాలూ. ఇది ఆలోచన. రుజువు కాదు. ఇదివరకు కూడా నువ్వు ఇంత గట్టిగానే నమ్మావు.

నా నెత్తుర్ని ఒక సీసాలో కదల్చకుండా ఉంచాను. ఎరుపు అడుగున గడ్డకట్టాక పైన తేరిన పసుపు నీటిని రెండు గొట్టాల్లో పోశాను. రెంటిలోనూ ఒకే కొలత పురుగు. ఒక దానిలో మాత్రం ఒక బొట్టు ఇనప నీళ్ళు. రెంటినీ ఒళ్ళంత వెచ్చగా ఉండే పెట్టెలో పెట్టాను.

నమోదు 14

మావకి కాలు కోసింది.

లంగరు తాడు సరిచేస్తూ తెప్ప అంచున జారాడట. గుల్లలు పట్టిన దుంగ మడమని గీసింది. నిన్ననే జరిగింది, నాకు చెప్పలేదు. ఈ పొద్దున పిలిస్తే పలకలేదు. ముట్టుకుంటే కాలిపోతున్నాడు. పొక్కులు చీలమండ దాకా వచ్చాయి.

“సెప్తే నువ్వు సభ పెడతావని సెప్పలేదే” అన్నాడు నవ్వబోయి.

కొట్టుకి పరిగెత్తి గొట్టాలు తీశాను. ఇనుము వేయనిది తేటగానే ఉంది, అవతల నా వేళ్ళు కనిపిస్తున్నాయి. ఇనుము వేసింది బియ్యం కడుగునీళ్ళలా మసకబారింది, నిండా పురుగే.

రెంటినీ పక్కపక్కన పెట్టి మళ్ళీ చూశాను. తేట గొట్టంలో ఉన్నదీ నెత్తురు నీళ్ళే కదా, అందులో కొంచెమైనా ఇనుము ఉండదా? ఉండాలి. అయితే దాన్ని ఒంట్లోదే ఏదో గట్టిగా పట్టుకుని పురుగుకి ఇవ్వకుండా ఉంది. ఏదది? తెలీదు. ఎవరూ నేర్పకుండానే నా ఒళ్ళు ఇనుముకి కాపలా కాస్తోంది. నేనేమో కాపలా మీద కరపత్రం వేశాను.

తిరిగొచ్చేసరికి మా వాకిట్లో తొమ్మిది చిప్పలున్నాయి.

నమోదు 15

సూరమ్మత్త మావ కాలు మోకాలి కింద దాకా తీసేసింది. ఒడ్డు నుంచి వచ్చే మందు ఈ పురుగు మీద పనిచేయడం మానేసి చాలా ఏళ్ళయింది. చెడిన మాంసం తీయడం, నీళ్ళు బాగా తాగించి మూత్రపిండాలు కడగడం, అంతే మాకు తెలిసింది. నేను కాలు పట్టుకున్నాను. అంతకంటే రాయను.

చిప్పలు నలభై దాటాయి. మావ మంచం మీంచి వాటిని చూస్తున్నాడు.

“ఒక్కటైనా తాగనీయే. ముసలి నర్సమ్మ సెంచా కూడా ఉంటాది అందులో. ఒద్దంటే ఆల్ల మొకం ఎలా సూస్తాను?”

“నువ్వు వాళ్ళ మొహం చూడాలనే ఒద్దంటున్నాను మావా.”

గొట్టాలు సూరమ్మత్తకి చూపించాను. ఆమె రెంటినీ వెలుతురుకి పట్టి చూసింది. “అందుకా” అంది. “తెలీకపోతేనే మంచిదని ఆమె అంది ఇందుకా!”

నాకూ అప్పుడే తట్టింది. నియమం పెట్టినామెకి కారణం తెలుసు. అప్పటికే ఎందరో తల్లులు, మొగుళ్ళు, అన్నలు చిప్పలు ఎత్తి పోసేసి ఉంటారు. కారణం చెబితే ప్రతి ఒక్కరికీ తమ చెయ్యి ఏం చేసిందో తెలుస్తుంది. అందుకే నియమం చెప్పి, కారణం మింగేసింది. ఎంత దయ! ఆ దయ వల్లే నా ఉలికి అడ్డం చెప్పేవాడు లేకపోయాడు.

“మల్లీ నియమం ఎట్టీద్దాం” అంది సూరమ్మత్త. “కొట్టు మాట అని సెప్దాం. పోలమ్మకి ఈ గొట్టాలు సూపించకే. ఆడదాని పేనం పోద్ది.”

“చెప్పకపోతే ఇంకో ఇరవై ఏళ్ళకి ఇంకో తింగరి గుంట ఉలి పట్టుకొస్తుందత్తా.”

“అప్పటి సంగతి అప్పుడు. ఇప్పుడు ఆ యమ్మ కల్లల్లోకి నువ్వు సూడగలవా?”

గొట్టాలకి మూతలు బిగించాను. కోపం ఉంటే చూడగలననే చెప్పేదాన్నేమో. కోపం రాలేదు.

నమోదు 16

వెళ్ళే పని లేకుండా పోలమ్మ పెద్దమ్మే వచ్చింది, తన చిప్ప పట్టుకుని. కొడుకు పోయి పది రోజులు కాలేదు. తన చెంచా తాగకుండా మావకి తెచ్చింది.

“పెద్దమ్మా, అది ఒద్దు.”

“ఏటే, నీ కాయితం నువ్వే మర్సిపోయావా?”

కూర్చోబెట్టాను. రెండు గొట్టాలూ ఆమె చేతికిచ్చాను. ఏది ఏమిటో చెప్పాను. విషం కణాలకి చిల్లి పెట్టడం, లోపలి ఇనుముని పురుగు దోచుకోవడం, మనం చెంచాలతో ఇంకా పోయడం, అన్నీ. ‘బహుశా’ అనలేదు. ‘దేవుడి రాత’ అనలేదు. పది మంది ఉన్న సభలో మాట్లాడటం సులువు. ఒక్క మనిషితో మాట్లాడటం నాకు ఎవరూ నేర్పలేదు.

ఆమె తేట గొట్టాన్ని చూసింది. మురికిదాన్ని చూసింది.

“నా గుంటడికి ఎన్ని పోసాను?”

పుస్తకంలో ఉంది. లేదని చెప్పవచ్చు.

“ముప్పైయొకటి.”

లేచి నా చెంప మీద కొట్టింది. చెవి గింగురుమంది. గొట్టాలు కింద పెట్టి, చిప్ప తీసుకుని వెళ్ళిపోయింది. లోపల్నుంచి మావ “ఏటా సప్పుడు?” అని అడిగాడు. తలుపు పడిందన్నాను.

నమోదు 18

మావ జ్వరం దిగలేదు, పెరగనూ లేదు. ఈ పొద్దున మూత్రం చింతపండు రంగు పోయి పల్చటి టీ రంగులో వచ్చింది. గిన్నె వెలుతురుకి పట్టి పట్టి చూశాను. ఇంత అందమైన రంగు నేను ఎప్పుడూ చూడలేదు, నవ్వితే నవ్వండి.

వాకిట్లో చిప్పల చప్పుడు వినిపించలేదు. తలుపు తీస్తే మెట్టు మీద పోలమ్మ పెద్దమ్మ కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో. అవతల నర్సమ్మ, నర్సమ్మ మనవరాలు, ఇంకో ఇద్దరు చిప్పలతో నిలబడి ఉన్నారు.

“ఒద్దొద్దు, అట్టుకుపొండి. జొరానికి ఇనుము పోస్తే పురుగు బలుస్తాది. నాను పోసాను నా కొడుక్కి. ముప్పైయొకటి పోసాను. మీరూ పోస్తారా?”

నర్సమ్మ చిప్పలోని తన వంతు అక్కడే నిలబడి తాగేసింది. మిగతా ముగ్గురూ తాగారు. అలా మధ్యాహ్నం దాకా వచ్చినవాళ్ళందరికీ ఆమె అదే మాట, అదే లెక్క చెప్పింది. గొంతు ఒక్కసారి కూడా తగ్గించలేదు.

నేను మర పక్కన కూర్చుని కొత్త కరపత్రం రాస్తుంటే లోపలికి వచ్చింది. నా చెంప వైపు చూసింది గానీ దాని గురించి మాట్లాడలేదు.

“ఏటి రాస్తన్నావు?”

చదివాను: “‘రెండో వరుసకి చెందిన ఒక యువకుడు...’”

“ఒక యువకుడేటి? ఆడికి పేరు లేదా?”

“నీకు కష్టమని...”

“కష్టం నాకొదిలీ. పేరు లేనోడి సావు ఎవుడు నమ్ముతాడే? గోడ మీద ఆ రాత ఉండేది, పేరున్నాదా దానికి? నమ్మినావా నువ్వు?” పక్కనున్న పీట లాక్కుని కూర్చుంది. “ఆడి పేరెయ్యి. పోసింది ఆడి అమ్మని ఎయ్యి. పొయ్యమన్నది నువ్వని కూడా ఎయ్యి.”

“ఒలే కోడలా, ‘య్య’ ఎడం పక్క మూడో అరలో ఉంటాది” అన్నాడు మావ మంచం మీంచి, కళ్ళు తెరవకుండానే.

అక్షరాలు ఏరి కూర్చాను. మొదటి పంక్తి: దాలయ్య, ఇరవై రెండేళ్ళు, ఈతగాడు. రెండో పంక్తి: ముప్పైయొక్క చెంచాలు పోసింది తల్లి పోలమ్మ. మూడో పంక్తి: పోయవచ్చని సభలో వాదించి గెలిచింది మైలపల్లి నూకాలు.

నాలుగో పంక్తి నుంచి పురుగు సంగతి మొదలుపెట్టాను.